మేకుకు వేలాడిన తాళంచెవి

(పాలమూరు ప్రాంతంలోని మా ఊరి ప్రాథమిక పాఠశాల పూర్వ విద్యార్థులు మా సారు వర్ధంతి నాడు జరిపిన సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

నేను పిల్లల డాక్టరును. ముప్పయ్యేళ్ళుగా బల్లకు ఇవతల కూర్చొని అవతలివాళ్ళ మాట వినడమే నా పని. మైకు ముందు నిలబడటం అలవాటు లేదు. పిల్లలూ సెల్‌ఫోన్లూ అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కొంచెం ఇబ్బంది పడ్డాను. సారు చేతిలో సెల్‌ఫోన్ నేనెన్నడూ చూడలేదు. చివరి రోజుల్లో కొడుకు కొనిచ్చిన చిన్న ఫోన్ కూడా బీరువాలో బట్టల కింద పడి ఉండేదట. అలాంటి మనిషి పేరు మీద ఈ మాటలేమిటనుకున్నాను. రెండు రోజులు పోయాక తట్టింది: ఈ ఊరికి వచ్చిన మొట్టమొదటి తెరకు కాపలా మనిషి ఆయనే.

చిన్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు కాబట్టి చెబుతాను. 1975 ఆగస్టు 1న మన ఇస్రో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకొని, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు నేరుగా టీవీ చూపించింది. సైట్ అనేవారు దాన్ని. హైదరాబాదుకే దూరదర్శన్ ఇంకా రాలేదు, అది 1977లో. పట్నంవాళ్ళకన్నా రెండేళ్ళు ముందు పాలమూరు పల్లెలో మేం టీవీ చూశామంటే నా సహ విద్యార్థులు కాలేజీలో నమ్మేవారు కాదు. బడి దగ్గర కోళ్ళ గూటికి వేసే జాలీతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెన్నా, లోపల గదిలో చెక్కపెట్టెలో టీవీ. పెట్టెకు తాళం. ఆ తాళంచెవి సారుది. ఆయన దాన్ని జేబులో దాచలేదు. తలుపు పక్కన మేకుకు తగిలించేవారు, అందరికీ కనబడేట్టు.

పొద్దున బడిపిల్లలకు తెలుగు కార్యక్రమం ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కాస్త పాటా ఆటా. అయిపోయిందంటే అయిపోయినట్టే. ఇంకా కావాలని ఎవరిని అడుగుతాం? ప్రసారం కన్నడం వాళ్ళకో ఒడియా వాళ్ళకో మారిపోయేది. సారు పెట్టె మూసేవారు.

నాకు బాగా గుర్తున్నది తెర మీది బొమ్మ కాదు. టీవీ పక్కన సారు కోసం ఒక కుర్చీ వేసేవాళ్ళం. ఆయన ఒక్కనాడూ అందులో కూర్చోలేదు. మా మధ్య, బండల మీద, పంచె సర్దుకొని కూర్చునేవారు. సగం సేపు తెరను చూస్తే సగం సేపు మా మొహాలు చూసేవారు. పాము బొమ్మ వచ్చినప్పుడు ఎవడు కళ్ళు మూసుకున్నాడో ఆయనకు తెలుసు. మధ్యాహ్నం గంట కొట్టాక వాణ్ణి పిలిచి పాముల గురించి అడిగేవారు.

ఇప్పటి తెరకు ఆ ముగింపు లేదు. అది దానంతట అదే పోలేదు, తీసేశారు. వేలితో తోస్తున్నకొద్దీ పేజీ అడుగు తగలకుండా సాగిపోయే ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. తర్వాత దాని గురించి ఆయనే బాధపడ్డాడు. పాత కాలపు టీవీ ఆగిపోతే పిల్లవాడు లేచి బయటికి పోయేవాడు. ఇప్పుడు ఆపడమనే పని పూర్తిగా ఇంట్లోవాళ్ళ నెత్తిన పడింది. ఆ ఇంట్లోవాళ్ళకే ఆపడం చేతకావడం లేదు, అదీ చిక్కు. పిల్లలను తిట్టే ముందు ఈ సంగతి ఒప్పుకుందాం.

నా ఓపీలో ఒకప్పుడు తల్లులు "బిడ్డ తింటలేడు సారూ" అనేవారు. ఇప్పుడు "ఫోన్ పెట్టకుంటే తింటలేడు" అంటున్నారు. చిన్న తేడాలా కనబడుతుంది కానీ రెండో మాటలో బువ్వ తినిపించేది ఎవరో చూడండి. తల్లి చేయి ముద్ద పెడుతుంది, పిల్లవాడి కన్ను మాత్రం ఆమెను చూడదు. నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఏం తిన్నాడో, కడుపు నిండిందో లేదో వాడికి తెలియదు. చందమామను చూపించి తినిపించిన రోజుల్లో మాత్రం ఏమరపాటు లేదా అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్నే. చందమామను చూపించేటప్పుడు అమ్మ మాట్లాడుతూ ఉండేది, పిల్ల తిరిగి "ఏదీ" అని అడిగేది. మాటలు పుట్టింది ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. రెండేళ్ళు దాటినా మాట రాలేదని తీసుకొచ్చిన పిల్లలందరికీ ఫోనే కారణమని నేననను. చెవి పరీక్ష చేయిస్తాను, మిగతావీ చూస్తాను. ఆ పరీక్షలతోపాటు ఇంట్లో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడతారని కూడా అడుగుతాను. ఆ ప్రశ్నకు చాలామంది నేల చూపులు చూస్తారు.

లెక్కలు కావాలంటే ఉన్నాయి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనలు ఇవి: రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దు, దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప. రెండు నుంచి అయిదేళ్ళ దాకా రోజుకు గంట దాటకూడదు. పదేళ్ళ దాకా రెండు గంటల లోపు. ఈ కాగితం నా గది గోడ మీద ఉంది. దాన్ని తల్లిదండ్రులు ఫోన్‌తో ఫోటో తీసుకొని పోతారు, ఆ ఫోటోలో పక్కన కూర్చున్న పిల్ల ఉండదు.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1970లలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. కొన్ని నెలల పసిబిడ్డతో తల్లి నవ్వుతూ ఆడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా బిడ్డనే చూస్తూ ఊరుకుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోతే మొహం తిప్పుకుంటుంది. ఈ ప్రయోగాన్ని తర్వాతి వాళ్ళు తల్లి చేతికి ఫోనిచ్చి చేసి చూశారు, పసివాళ్ళు అక్కడా కలవరపడ్డారు. నేను ఏ పరిశోధనశాలకూ పోనక్కర్లేదు. నా క్లినిక్ వరండాలో ఇరవై మంది కూర్చుంటే ఇరవై మొహాలు అట్లాగే ఉంటాయి. వాటి ఎదుట చంటిపిల్లలు ఒక్కొక్కరే పని మానుకోవడం చూస్తుంటాను. ఆ పని పేరు అమ్మను పిలవడం.

మా బంధువుల ఇంట్లో రెండున్నరేళ్ళ పాప ఉంది. ఆట సామాన్లో పగిలిన చెక్కముక్కను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని వరండాలో అటూ ఇటూ తిరుగుతుంది. "ఆఁ చెప్పండి, చెప్పండి" అంటుంది. దగ్గరికి పోతే అరచేయి చూపించి ఆగమంటుంది. ఇంట్లో అందరూ నవ్వారు, వీడియో తీశారు, స్టేటస్‌లో పెట్టారు. ఆ అరచేయి ఎవరిదో ఎవరూ అడగలేదు.

నా సంగతి చెప్పకుండా ఊరివాళ్ళ సంగతులు చెప్పడం సారుకు నచ్చదు. నాకు ఒక్కతే కూతురు. అది బడికి పోయే రోజుల్లో నా ఫోన్ అన్నం పళ్ళెం పక్కనే ఉండేది. డాక్టరును కదా, రావాల్సిన ఫోన్లే అవి. ఆ పేరు మీద రానక్కర్లేని ఫోన్లు కూడా ఎత్తాను. నా కూతురికి ఒక వింత అలవాటుండేది: ఏ సంగతైనా చివర నుంచి మొదలుపెట్టేది. "నాన్నా, చివరికి ఆ పిల్ల ఏడ్చింది. ఎందుకో చెప్తా." కథలు చెప్పడం రాదనుకున్నాం. ఇప్పుడు డాలస్‌లో ఉంటుంది, దానికి ఒక కొడుకు. పోయిన ఏడాది వీడియో కాల్‌లో ఏదో చెబుతూ మళ్ళీ చివర నుంచి మొదలుపెట్టింది. ఎందుకమ్మా నీకీ అలవాటు అని నవ్వుతూ అడిగాను. "మధ్యలో నీకు ఫోన్ వస్తుంది కదా నాన్నా, అసలు మాట మిగిలిపోతదని" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. మామూలుగానే అంది. ఆ తర్వాత కొడుక్కు నీళ్ళు పోయాలని కాల్ పెట్టేసింది.

ఇక్కడిదాకా చెప్పిందంతా చదువుకున్న ఇళ్ళ గోడు. ఈ సభలో సగం మందికి వేరే గోడుంది. పాలమూరు మట్టిపనికి బొంబాయీ పుణే పోయిన సంగతి కొత్త కాదు. తల్లీ తండ్రీ మేస్త్రీ వెంట పోతే పిల్లలు అవ్వ దగ్గర. ఆ పిల్లలకు ఫోన్ అంటే ఆట వస్తువు కాదు, అమ్మే అందులో ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి పని నుంచి వచ్చి రేకుల షెడ్డులో కూర్చొని కూతురి జడ ఎట్లా వేశారో తెర మీద చూసుకునే తల్లికి "ఫోన్ పక్కన పెట్టమ్మా" అని నేను చెప్పలేను. 2020లో కరోనాకు బడులు మూసి, సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పినప్పుడు, టీవీ లేని ఇళ్ళలో పిల్లలకు ఫోన్ కొనిచ్చింది కూడా ఈ తల్లులే, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని. ఆ ఫోన్ తిరిగి పెద్దవాళ్ళ చేతికి రాలేదు.

అవ్వకు చదువు రాదు. మనుమడికి అన్నీ వచ్చు. తండ్రి ఖాతా, పిన్ నంబరు కూడా. అక్కడ కాపలా ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు నాకొక అవ్వే చెప్పింది. మనుమడి దగ్గుకు వచ్చి, మాటల మధ్య అంది: "చెవుల పెట్టుకునే తీగలు మా ఇంట్ల వద్దన్న సారూ. వాడేమన్న చూసుకోని, నాకు ఇనబడాలె." అంతే ఆమె నియమం. తెర చదవలేదు కానీ గొంతులు చదవగలదు. ఒకరోజు ఆటలో ఎవడో గొంతు వినబడితే, "ఎవడ్రా ఆ మొగోడు, చిన్న పిల్లగానితోని గట్ల మాట్లాడుతున్నడు?" అని అడిగిందట. మనుమడికి అప్పటిదాకా అది వింత అనిపించలేదు. ఫోన్ పక్కన పడేసి వచ్చి ఆమె మంచం మీద కూర్చున్నాడు. పిల్లల మీద కన్నేసి ఉంచే యాప్‌ల గురించి పట్నం తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. చిన్నపిల్లలకు పనికొస్తాయి, పెట్టుకోండి. కానీ పద్నాలుగేళ్ళవాడు వాటిని ఒక సాయంత్రంలో దాటిపోతాడు. ఆ అవ్వ చెవిని దాటిపోలేడు.

మహారాష్ట్రలో, సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరుంది. 2022 నుంచి అక్కడ రోజూ సాయంత్రం ఏడింటికి గుడి దగ్గర సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా ఇళ్ళలో టీవీలూ ఫోన్లూ బంద్. పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. ఆ సైరన్ పిల్లలకొకటి, పెద్దలకొకటి కాదు. అత్తగారి సీరియలూ ఆగాలి, తండ్రి క్రికెట్టూ ఆగాలి. నియమం ఎవరి మీద పడుతుందో, ఎవరిని వదిలేస్తుందో పిల్లలు ఇట్టే పసిగడతారు. ఇంట్లో ఎవరికి వారు సైరన్ పెట్టుకోలేరనుకుంటే, రాత్రి పడుకునే ముందు అందరి ఫోన్లూ వంటింట్లో ఒకే చోట ఛార్జింగ్ పెట్టండి. నాన్న ఫోన్ ముందు.

ఇప్పుడు ఇబ్బందికరమైన మాట. పెళ్ళికాని పిల్లలున్న సభలో ఎందుకని ఎవరైనా అనుకుంటే, వాళ్ళ కోసమే చెబుతున్నాను. పదహారేళ్ళ అబ్బాయి, కడుపునొప్పి అని తెచ్చారు. పేరూ ఊరూ వద్దు. స్కానింగ్‌లో ఏమీ లేదు. తండ్రిని బయటికి పంపి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు: అమ్మాయి పేరుతో ఒక పరిచయం, నాలుగు రోజుల కబుర్లు, ఒక వీడియో కాల్. అవతలివాడు రికార్డు చేశాడు. డబ్బు పంపకపోతే నీ స్నేహితుల జాబితా అంతటికీ పంపుతానన్నాడు. వీడు ఒకసారి పంపాడు. అవతలివాడు రెండోసారి అడిగాడు. మగపిల్లలకు ఇట్లాంటివి రావనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఎందుకు చెప్పలేదురా నాన్నకు అని అడిగితే వాడు పరువు అనలేదు, దెబ్బలు అనలేదు. "ఫోన్ గుంజుకుంటడు సార్" అన్నాడు. చావు ఆలోచనలు చేస్తున్న పిల్లవాడి భయం అది. మనం ఇన్నేళ్ళుగా వాళ్ళకు నేర్పిన ఏకైక శిక్ష అదే కాబట్టి, చెప్పడమంటే పోగొట్టుకోవడమని వాళ్ళు నేర్చుకున్నారు.

ఇట్లాంటిది జరిగితే ఏం చేయాలో గుర్తుపెట్టుకోండి. డబ్బు ఇక పంపకూడదు, పంపితే ఆగదు. కబుర్లు చెరిపేయకూడదు, అవి రుజువు. అవతలివాడి ఖాతా పేరు, నంబరు, డబ్బు పోయిన వివరాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకొని అప్పుడు బ్లాక్ చేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఫిర్యాదుకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, పిల్లల మీద నేరాలకు అందులో వేరే విభాగముంది. పిల్లల సహాయానికి 1098, మనసు బాగాలేనప్పుడు టెలీ-మానస్ 14416. బయటికి పోతుందని భయపడే ఫోటో ఉంటే, టేక్ ఇట్ డౌన్ అని 2023లో మొదలైన ఉచిత సేవ ఒకటుంది. ఫోటో మన ఫోన్ దాటి పోదు. దాని వేలిముద్రలాంటి ఒక గుర్తు మాత్రం పోతుంది, అందులో చేరిన కంపెనీలు ఆ గుర్తుతో తమ దగ్గర వెతికి తీసేస్తాయి. ఇంకొక జాగ్రత్త: బాబాయికి చూపిద్దాం, సారుకు చూపిద్దాం అని ఆ ఫోటోను మీరు ఎవరికీ పంపకండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల అలాంటి ఫోటో పంపడం ఐటీ చట్టం 67బీ కింద నేరం, పంపింది కన్నతండ్రి అయినా చిక్కే. ఆ అబ్బాయి తండ్రిని లోపలికి పిలిచినప్పుడు ఆయన చేయి ఎత్తబోయి దించాడు. చాలాసేపు నిలబడి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు. నా ముప్పయ్యేళ్ళ వైద్యంలో ఇంతకన్నా మంచి మందు రాయలేదు నేను.

చట్టాల గురించి రెండు ముక్కలు. మన 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు అందరినీ పిల్లలే అంటుంది. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటుంది. వాళ్ళ వెంటపడి గమనించి ప్రకటనలు చూపించకూడదంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, పూర్తిగా అమలు కావడానికి ఏడాదిన్నర గడువిచ్చారు. ఆస్ట్రేలియా ఇంకా ముందుకుపోయి, పదహారేళ్ళలోపు వాళ్ళకు సోషల్ మీడియా ఖాతాలే ఉండకూడదని 2025 డిసెంబరు నుంచి అమలు పెట్టింది. మంచిదే. అయితే ఒప్పుదల ఇవ్వాల్సిన మనం ఏం చేస్తున్నాం? పిల్లకు పదేళ్ళయితే పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపి ఖాతా తెరిచి ఇస్తున్నది మనమే. బడి పేరున్న యూనిఫాంలో ఫోటో, పుట్టినరోజు తేదీ, ఇంటి ముందు కొత్త సైకిల్, నీళ్ళు పోస్తుండగా తీసిన వీడియో: ఇవన్నీ ఊరంతటికీ పంచిందీ మనమే. ఏడెనిమిదేళ్ళు వచ్చిన పిల్లను "ఇది పెట్టనా?" అని ఒకసారి అడిగి చూడండి. వద్దంటే మానండి. రేపు ఎవడో ఫోటో పంపమంటే, వద్దనే అలవాటు ఆ నోటికి ఉంటుంది.

సారు దగ్గరికే వస్తాను. పాఠాలు చెప్పడంలో ఆయనకన్నా మొనగాళ్ళున్నారు. ఎక్కాలు రాకపోతే కొట్టేవారు కూడా, అది దాచను. 1976 జూలై 31తో ఆ సైట్ ఏడాది ముగిసింది, ఉపగ్రహం వెనక్కి పోయింది. అంతకు ముందు చలికాలంలో సంగతి ఇది.

ఒక మధ్యాహ్నం సారు సంతకు పోయారని తెలిసి, మేకు మీది తాళంచెవి తీశాను. ఇంకో ఇద్దరు నాతో ఉన్నారు, వాళ్ళలో ఒకడు ఇవాళ ముందు వరసలోనే కూర్చొని నవ్వుతున్నాడు. మేం చూడనిది ఏదో ఆ పెట్టెలో మధ్యాహ్నం పూట వస్తుందని మా నమ్మకం. తలుపు దగ్గరికేసి, మీట నొక్కాం. తెర నిండా చుక్కలు, గరగర. బొమ్మ రాలేదు. వస్తుందని కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో, తలుపు తెరుచుకుంది. సారు. చేతిలో కూరగాయల సంచీ.

పారిపోవడానికి దారి లేదు. ఆయన సంచీ గోడకు ఆనించారు. వచ్చి మా పక్కన బండల మీద కూర్చున్నారు. ఆయన కూడా చుక్కలు చూశారు కాసేపు. ఆ గరగరలో మా గుండెలు కొట్టుకోవడం మాకు వినబడుతోంది.

"ఏం కనబడుతుందిరా?" అన్నారు.

"ఏం లేదు సార్" అన్నాను. ఎవరూ అడగకముందే, "తాళంచెవి నేనే తీసిన సార్" అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆయన లేచి మీట ఆపారు. పెట్టె మూసి తాళం వేశారు. "బొమ్మ రేపు పొద్దున వస్తది. పొండి, అన్నాలు తినుండ్రి" అన్నారు. వెళ్తూ వెళ్తూ తాళంచెవిని మళ్ళీ అదే మేకుకు తగిలించారు.